గుమ్మం మరిచిన చుక్క

పెళ్లికూతురికి క్యాన్సర్ అని గుమ్మం చెప్పింది.

నోటితో చెప్పలేదు. దాని తలమీద ఎర్రదీపం వెలిగింది, అంతే. కానీ మూలకొఠారు ఊళ్లో ఆ దీపానికి అర్థం తెలియనివాళ్లు అప్పటికే ఎవరూ లేరు. ఉప్పు మడుల పక్కనున్న రేకుల షెడ్డులో ఒక్కసారిగా మాటలు ఆగిపోయాయి. మరుక్షణం పెళ్లికూతురి తల్లి గుండెలు బాదుకుంది.

“ఒలమ్మో! ఎల్లుండి పెళ్లి పెట్టుకుని ఇదేటి తల్లో! ఆళ్లకేటని సెప్పాల!”

పసుపు ఒంటితో, బుగ్గన చుక్కతో పెళ్లికూతురు గౌరి గాజు పలక మీద అలాగే నిలబడిపోయింది. దిగాలో, ఉండాలో తెలియలేదు. వరసలో వెనకున్న మగపెళ్లివారి తాలూకు మనిషి ఒకడు అప్పుడే ఫోను చెవిన పెట్టుకుని బయటికి జారుకుంటున్నాడు.

వనజాక్షి తెర ముందు నుంచి లేచింది. గుమ్మాన్ని కట్టింది ఆమే. విశాఖపట్నంలోని పరిశోధనశాలలో ఎనిమిదేళ్ల కష్టం అది. ఎత్తైన ద్వారబంధం, కింద గాజు పలక. మనిషి చెప్పులు విడిచి నడిచి వెళితే చాలు, కంటికి కనబడని ఊదా వెలుగు నాలుగు వైపులా, పాదాల కింద నుంచి కూడా, ఒంటిని తడిమి వస్తుంది. చర్మంలో ఏ మూలైనా కణాలు దారి తప్పబోతుంటే, అవి తప్పడానికి కొన్నేళ్ల ముందే, ఆ చోటు తెరమీద నిప్పురవ్వలా మెరుస్తుంది. రేడియోలో వాన కబురుతో పాటు ఎండ పదును కూడా చెప్పాల్సి వస్తున్న రోజులవి. పొద్దస్తమానం ఎండలో, ఉప్పు మీంచి ఎగసే ఎండలో కూడా మాడే మనుషుల కోసం మొదటి గుమ్మాన్ని ఆమె తన సొంత ఊరికే తెచ్చింది.

తెరమీద మెరుపు రెండు చోట్ల ఉంది. ఎడమ బుగ్గ. కుడి అరికాలు.

చర్మవ్యాధుల డాక్టరు ఇస్మాయిల్ గౌరిని బల్లమీద కూర్చోబెట్టి కాలు పైకెత్తాడు. కళ్లద్దాలు సవరించుకున్నాడు. దూదిని స్పిరిట్‌లో ముంచి ఒక్క రుద్దు రుద్దాడు. దూది నల్లబడింది.

“అమ్మా, ఏడుపు ఆపండి,” అన్నాడు తల్లితో. “మీ అమ్మాయికి వచ్చిన జబ్బు పేరు కాటుక.”

షెడ్డంతా గొల్లుమంది. తల్లి మాత్రం నవ్వలేదు. కూతురి కాలు లాక్కుని చూసి, ఈసారి ఇంకా గట్టిగా అరిచింది.

“పెళ్లికూతురి దిష్టి సుక్క తుడిసీసినావా బాబూ! నీకు పిల్లల్లేరా!”

*

ఆ రోజు గుమ్మం ఎర్రదీపం ఆరలేదు. చంటిపిల్లలందరికీ బుగ్గనో నుదుటనో చుక్క. అరికాల్లో చుక్క. కొత్త కోడళ్లకు చుక్క. కడుక్కుని మళ్లీ రమ్మంటే తల్లులు బిడ్డల్ని ఎత్తుకుని ఇళ్లకు పోయారు. సాయంత్రానికి ఊళ్లో దాని పేరు దిష్టి గుమ్మం.

ఒక్క సింహాద్రి విషయంలోనే ఎర్రదీపం నిజం చెప్పింది. పుట్టుకతోనే ఒంట్లో రంగు లేనివాడు సింహాద్రి. పాలలాంటి ఒళ్లు, మొక్కజొన్న పీచులాంటి జుట్టు, వెలుగు చూడలేక చికిలించే కళ్లు. ఆ ఒంటితోనే ముప్ఫయ్యేళ్లుగా తలకు తువ్వాలు చుట్టుకుని మడిలో ఉప్పు లాగుతున్నాడు. అతని చెవి పైఅంచున మెరుపు కనబడింది.

“నాకు నొప్పేటీ లేదు గదా మేడమ్?”

“నొప్పి వచ్చేదాకా ఆగడానికి ఈ గుమ్మం ఎందుకయ్యా?” అంది వనజాక్షి. “నీ ఒంటికి గొడుగు లేదు. మా ఒంట్లో ఉన్న నలుపే మాకు గొడుగు. నువ్వు తిన్న ప్రతి ఎండా లోపల ఒక గాటు పెట్టిపోయింది. ఇక్కడ గాటు మానలేదు.”

ఇస్మాయిల్ అక్కడే మందు సూది వేసి, చిటికెన గోరంత ముక్క తీసి కుట్టేశాడు. తెచ్చిన టీ చల్లారనే లేదు. రెండేళ్లు ఆగి ఉంటే చెవి మొత్తం పోయేదన్నాడు. సింహాద్రి అద్దంలో చూసుకున్నాడు.

“పోన్లెండి. ఇకమీద మా ఆడది తిడితే సగమే ఇనబడతాది.”

వ్యాన్‌లో తిరుగు దారిన ఎవరూ నవ్వలేదు. గుమ్మానికి బుద్ధి నేర్పే పని తారకేశ్‌ది. అతనే మొదలెట్టాడు.

“కాటుకకీ మచ్చకీ తేడా తెలియాలంటే ఆర్నెల్ల పని మేడమ్. ఈలోగా ఒక ఉపాయం ఉంది. బుగ్గ, నుదురు, అరికాలు. ఈ మూడు చోట్లా గుండ్రటి నల్లచుక్క కనబడితే చూడనట్టు పొమ్మందాం.”

“నీళ్లతొట్టి పెట్టడం తేలిక కదా?” అన్నాడు ఇస్మాయిల్.

“ఇవాళ చూశారుగా సార్. తొట్టి పెడితే జనం రారు.”

“ముఖం సంగతి సరే, నేనెలాగూ కళ్లతో చూస్తాను. అరికాలు ఎవరు చూస్తారు?”

వనజాక్షి కిటికీలోంచి చూపు తిప్పలేదు. “అరికాలికి ఎండెక్కడ తగులుతుంది డాక్టర్?”

“తగలదు. కానీ మనలాంటి రంగు వాళ్లకి ఆ పాడు నల్లమచ్చ క్యాన్సర్ వస్తే ఎక్కువగా వచ్చేది అక్కడే. ఎండతో దానికి పనిలేదు. అరుదు. నా సర్వీసులో చూసినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.”

సింహాద్రి చెవి ఆమె కళ్లముందు మెదిలింది. తీరం పొడుగునా ఎంతమంది సింహాద్రులు! జనం గుమ్మం దగ్గరికే రాకపోతే వాళ్లందరూ పోతారు. వేళ్ల మీద లెక్కపెట్టే వాళ్ల కోసమా ఇదంతా ఆపడం?

“ఆర్నెల్లే కదా,” అంది. “అలాగే చెయ్యి తారకేశ్.”

ఇస్మాయిల్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

*

చుక్కల్ని మరిచిపోయిన గుమ్మం జనానికి నచ్చింది. చంటిపిల్లలకి పచ్చదీపం. పెళ్లికూతుళ్లకి పచ్చదీపం. పడవల రేవుల్లో, ఇటుక బట్టీల దగ్గర, జీడితోటల్లో గుమ్మాలు లేచాయి. పెదవి మీద పుండు కాబోయే మచ్చలు, ముక్కు మీద మొదలైన మెరుపులు ఎన్నో ముందే దొరికాయి. ఆర్నెల్లు ఎప్పుడు గడిచాయో ఎవరికీ గుర్తులేదు. బాగా నడుస్తున్న బండి చక్రం ఎవరు విప్పి చూస్తారు?

వనజాక్షి వాళ్ల అప్ప కనకరత్నం కూడా గుమ్మం దాటింది. అమ్మ పోయాక చెల్లెల్ని చదివించింది ఆమే, మడిలో ఉప్పు లాగిన చేతులతో. ఇరవయ్యేళ్లు ఉప్పునీళ్లలో నానిన ఆమె పాదాలు పగిలి, మళ్లీ పూడి, తోలు చెప్పుల్లా గట్టిపడిపోయాయి. పచ్చదీపం వెలగ్గానే గుమ్మాన్ని తట్టి చూసింది.

“మా వనజ కట్టింది,” అంది చుట్టూ ఉన్నవాళ్లతో. “చిన్నప్పుడు దీనికి పిచ్చుకగూడు కట్టడం రాదు!”

*

రెండేళ్ల తర్వాత కనకరత్నం కూతురి పెళ్లి.

పొద్దున్నే వరండాలో చాపలు పరిచి ఆడవాళ్లు పారాణి పెట్టుకుంటున్నారు. మరదళ్లు పెళ్లికూతుర్ని ఏడిపిస్తున్నారు. వనజాక్షి పారాణి గిన్నె పట్టుకుని అప్ప ముందు కూర్చుంది.

“కాలు చాపు.”

“నాకెందుకే ముసల్దానికి?”

“పెళ్లికూతురి తల్లివి. చాపు.”

కనకరత్నం సిగ్గుపడుతూ కాలు చాపింది. వనజాక్షి మడమ పట్టుకుని పైకెత్తింది. అరికాల్లో, మడమకి కొంచెం ముందు, అర్ధరూపాయంత నల్లచుక్క.

“నీకెవరు పెట్టారప్పా దిష్టి చుక్క? కూతురితో పోటీయా?” అని నవ్వింది వనజాక్షి.

“నాకెవులు పెడతారు? అదలగే ఉంటాది.”

వనజాక్షి చేతిలో తడిబట్ట ఉంది. నవ్వు మొహంతోనే తుడిచింది. పోలేదు. మళ్లీ తుడిచింది. బట్ట తెల్లగానే ఉంది. చుక్క ఒక అంచున గుండ్రంగా లేదు, నీళ్లలో పడ్డ సిరాలా పక్కకి పాకింది. నలుపులో నలుపు రెండు రకాలుగా ఉంది.

పక్కన మరదళ్లు ఏదో పాట అందుకున్నారు. వనజాక్షికి అది ఎక్కడో దూరంగా వినబడింది. తెలియకుండానే నోటికి ఊరి మాట వచ్చేసింది.

“ఇదెప్పుట్నుంచుందప్పా?”

“ఏమో. మూడేళ్లో, ఏటో. మడిలో గాజుపెంకు గుచ్చుకుందనుకున్నాను. అప్పుడు మిరియం గింజంత.”

“గుమ్మం దాటినప్పుడు ఉందా?”

“ఉంది.”

“మరెవరికీ చూపించలేదేం?”

కనకరత్నం వింతగా చూసింది. “ఎందుకే? పచ్చదీపం ఎలిగింది గదా. నువ్వు కట్టిన గుమ్మం గదా.”

గిన్నెలో పారాణి ఒలికి చాప ఎర్రబడింది. వనజాక్షి లేచి పందిట్లోకి నడిచింది. ఇస్మాయిల్ పట్టు చొక్కాలో, పనసపొట్టు కూర ఎప్పుడు వడ్డిస్తారో వంటవాణ్ని అడుగుతున్నాడు. ఆమె మొహం చూసి మాట మధ్యలోనే ఆపేశాడు.

వరండాలో చాపమీద బాసింపట్టు వేసుకుని ఆ పాదాన్ని ఒళ్లో పెట్టుకున్నాడు. ఫోను దీపం వేసి, జేబులోంచి చిన్న భూతద్దం తీశాడు. అది లేకుండా అతను పెళ్లికి కూడా వెళ్లడు. చాలాసేపు చూశాడు. తర్వాత గజ్జల దగ్గర బిళ్లలేమైనా కట్టాయేమో పెళ్లికొచ్చిన ఒక నర్సు చేత వెనకగదిలో తడిమించాడు. లేవని చెప్పింది.

“ఏటి బాబూ?” అంది కనకరత్నం.

“ఈ మచ్చ తీసెయ్యాలమ్మా. ఆలస్యం చెయ్యకూడదు. ఇవాళే ఆస్పత్రికి బయల్దేరదాం.”

“ఇవాళా? నా కూతురి పెళ్లి!”

“ఇవాళే అప్పా,” అంది వనజాక్షి.

కనకరత్నం ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. ఆమెకు అర్థమైంది. అయినా గొంతు పెంచలేదు.

“తాళి పడనీ. తలంబ్రాలు చూసి వస్తాను. అప్పగింతలు మీ వదిన చూసుకుంటాది.” తర్వాత చెల్లెలి వైపు తిరిగింది. “ఆ కాలికి కూడా పారాణి పెట్టు. సగం సగం ఏటి?”

*

మర్నాడు పరిశోధనశాలలో వనజాక్షి తలుపు తీయగానే తారకేశ్ లేచి నిలబడ్డాడు. సంగతి అతనికి అప్పటికే తెలిసింది.

“గుమ్మం మరిచిపోయింది గానీ పారెయ్యలేదు మేడమ్,” అన్నాడు మెల్లగా. “చూడనట్టు పొమ్మన్న చుక్కల బొమ్మలన్నీ లోపలే ఉన్నాయి.”

“మరపు తీసెయ్యి. అన్నీ మళ్లీ చూపించు.”

తెరమీదికి అరికాళ్లు వచ్చాయి. పిల్లల అరికాళ్లు, పెళ్లికూతుళ్లవి, పడవ మనుషులవి. ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉన్నాయి. వాటి మధ్యలో అప్ప పాదం వచ్చింది. మిరియం గింజంత చుక్క. గుమ్మం దాన్ని ఆ రోజే చూసింది. నిప్పురవ్వలా మెరిసింది కూడా. నోరు మూసుకోమన్నది తను.

“ఇందులో నూటికి తొంభై తొమ్మిది కాటుకే అయి ఉంటాయి,” అన్నాడు తారకేశ్.

“ఆ మిగిలిన ఒక్కటీ ఎవరిది?”

తారకేశ్ కూర్చుని పని మొదలెట్టాడు.

మధ్యాహ్నానికి తీరమంతా గుమ్మాలు ఆగిపోయాయి. పైనుంచి ఫోన్లు వచ్చాయి. ఇంత పేరొచ్చిన దాన్ని ఒక్క కాలి మచ్చ కోసం ఆపుతారా, జనం భయపడరా అన్నారు. “భయపడాలి,” అంది వనజాక్షి. “పచ్చదీపం చూసి మానేసిన భయం అది. తిరిగి ఇచ్చెయ్యాలి.”

ఊరూరా తిరిగారు. ప్రతి గడపలో అదే మాట. కాళ్లు కడుక్కోండి. చుక్క పోతే సంతోషం. పోకపోతే మాతో రండి. దాదాపు అందరి చుక్కలూ నీళ్లతో పోయాయి. కొందరివి ఉత్త పుట్టుమచ్చలు. పోనివి, పుట్టుమచ్చలు కానివి కొన్నే. వాళ్లను ఇస్మాయిల్ ఒక్కొక్కరిగా చూశాడు. ఒక్క పడవ సరంగు విషయంలో మాత్రం చేయడానికి పెద్దగా ఏమీ మిగల్లేదు. మచ్చ లోపలికి దిగి ఊపిరితిత్తుల దాకా వెళ్లిపోయింది.

వనజాక్షి వాళ్లింటికి వెళ్లి అరుగుమీద కూర్చుంది. వల అల్లుతున్న సరంగు భార్య తలెత్తి అడిగింది.

“ఆ దీపం పచ్చగా ఎందుకెలిగిందమ్మా?”

వనజాక్షి చెప్పింది. కాటుక సంగతి, చుక్కల్ని మరిచిపొమ్మన్న సంగతి, అలా అన్నది తనేనన్న సంగతి, ఏదీ దాచకుండా చెప్పింది. ఆ మనిషి విన్నది. తిట్టలేదు. వల ముడులు వేస్తూనే ఉంది. వనజాక్షి లేవబోతుంటే, “మజ్జిగ తాగి ఎల్లు,” అంది. వనజాక్షి మళ్లీ కూర్చుని గ్లాసు ఖాళీ చేసింది.

*

పెళ్లయిన వారంలోనే కనకరత్నం మడమ దగ్గర అరచేతిలో సగమంత కండ తీసేశారు. తొడ మీది చర్మం తెచ్చి అక్కడ అతికించారు. ముక్క పరీక్షకి వెళ్లింది. ఫలితం వచ్చేదాకా అక్కచెల్లెళ్లిద్దరూ ఆస్పత్రి గదిలో కూతురి పెళ్లి వీడియో చూశారు. అప్పగింతల దగ్గర కనకరత్నం కళ్లు తుడుచుకుంది, తను లేని అప్పగింతలు.

ఇస్మాయిల్ కాగితం పట్టుకుని వచ్చాడు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

“లోతుకి దిగలేదు. పక్కకే పాకింది. అంచులన్నీ శుభ్రంగా ఉన్నాయి.” ఊపిరి వదిలాడు. “ఇంకో ఏడాది ఆగి ఉంటే నేను వేరే మాట చెప్పాల్సి వచ్చేది.”

“రెండేళ్ల కిందట చూసుంటే?” అంది వనజాక్షి.

అతను అబద్ధం చెప్పలేదు. “సింహాద్రి చెవిలాగే. టీ చల్లారేలోపు అయిపోయేది.”

కనకరత్నం కట్టు కట్టిన కాలు చూసుకుంది. ఇక జీవితాంతం కుంటాలి. చెప్పుల్లేకుండా మడిలో దిగే ప్రసక్తి లేదు.

“పోన్లే,” అంది. “ఉప్పు నాకేటి చుట్టమా?” చెల్లెలి గడ్డం పట్టుకుని తనవైపు తిప్పుకుంది. “ఏడవకు. ఏడిస్తే గుమ్మం నిలబడతాదా? మళ్లీ కట్టు. ఈసారి మనింటి గుమ్మంలా కట్టు. ఎవులైనా కాళ్లు కడుక్కోకుండా లోపలికి రానిస్తామేటి?”

*

ఎండలు ముదరకముందే మూలకొఠారులో గుమ్మం మళ్లీ లేచింది. ఈసారి దానిముందు సిమెంటు తొట్టి ఉంది. తాటాకు గొడుగంత టోపీ పెట్టుకుని సింహాద్రి చెంబుతో అందరి కాళ్ల మీదా నీళ్లు పోస్తున్నాడు.

“రుద్దుకోండి, రుద్దుకోండి. పెళ్లివారింటికొచ్చినట్టు ఒక్క చెంబుతో సరిపెట్టకండి!”

వరసలో గౌరి వచ్చింది, ఆ పెళ్లికూతురే. చంకలో ఆర్నెల్ల బిడ్డ. బుగ్గన చుక్క, అరికాల్లో చుక్క. వెనకే తల్లి.

“బిడ్డ సుక్క తుడవడానికి వీల్లేదు,” అంది తల్లి తొట్టి ముందు అడ్డంగా నిలబడి. “కిందటిసారి తుడిసీసినారు. పెళ్లిలో పందిరి కూలిపోయింది!”

“పందిరి కూలింది కాటుక్కి కాదు, మీ తమ్ముడు తాగి గుంజ పట్టుకున్నందుకు,” అన్నాడు సింహాద్రి.

గుమ్మానికి ఆవలి వైపు, పీటమీద కాలు చాపుకుని కనకరత్నం కూర్చుంది. పక్కన కర్ర, ఒళ్లో కాటుక భరిణె.

“తుడవనీ వదినా,” అంది అక్కణ్నుంచే. “కడిగి ఇటు పంపు. దాటగానే నాను పెడతాను. ఆవునేతితో పట్టిన కాటుక. నీ మనవడి మీద ఈగ కూడా వాలదు.”

తల్లి కనకరత్నం కాలి వైపు చూసింది. ఊళ్లో ఆ కాలి కథ తెలియనివాళ్లు లేరు. పక్కకి జరిగింది. బిడ్డ చన్నీళ్లకి కేరుమన్నాడు. గౌరి ఎత్తుకుని గుమ్మం దాటింది. పచ్చదీపం. కనకరత్నం బిడ్డ పాదాన్ని అరచేతిలోకి తీసుకుని, ముద్దుపెట్టుకుని, కొత్త చుక్క పెట్టింది. బిడ్డ ఏడుపు ఆపి భరిణెకోసం చెయ్యి చాపాడు.

వరస తగ్గాక ఆమె వనజాక్షిని పిలిచింది.

“నువ్వెప్పుడు దాటినావే?”

వనజాక్షి ఆలోచించింది. కట్టేటప్పుడు ఎన్నోసార్లు లోపల నిలబడింది, మరలు బిగించడానికి, తీగలు సరిచెయ్యడానికి. మనిషిలా ఒక్కసారీ దాటలేదు.

“ఎల్లి కాళ్లు కడుక్కో.”

వనజాక్షి చెప్పులు విడిచి తొట్టి దగ్గర నిలబడింది. సింహాద్రి మామూలు కంటే రెండు చెంబులు ఎక్కువ పోశాడు. ఆమె తడి పాదాలతో గాజు పలక ఎక్కింది. ఊదా వెలుగు చల్లగా చుట్టుకున్నట్టు అనిపించింది, అది ఒంటికి తెలిసేది కాదని ఆమెకు తెలిసినా.

పచ్చదీపం వెలిగింది.

కనకరత్నం దానివైపు చూడలేదు. చెల్లెల్ని పీట ముందు కూర్చోబెట్టి, కళ్లజోడు పెట్టుకుని, ఆమె కుడిపాదాన్ని ఒళ్లోకి లాక్కుంది. వేళ్లు ఒక్కొక్కటీ విడదీసి చూసింది. గోళ్లు చూసింది. అరికాలిని ఎండ వైపు తిప్పి, మడమ నుంచి మునివేళ్ల దాకా బొటనవేలితో తడిమింది. తర్వాత ఎడమపాదం.

అంతా చూశాక భరిణె మూత తీసింది.